పటాల కేశవయ్య కట్టిన కరెంటు పటం

కర్నూలు పాతబస్తీలో ఒక మనిషి పోతే ముందు బంధువులకు, తర్వాత పురోహితుడికి, ఆ తర్వాత పటాల కేశవయ్యకు కబురు వెళ్లేది. పోయినాయన ఫోటో ఏదో ఒకటి, బ్యాంకు పుస్తకానికని తీయించిందో, ఎవరి పెండ్లిలోనో గుంపులో నిలబడిందో, చేత పట్టుకుని కొడుకో అల్లుడో అంగడి మెట్లెక్కేవాడు. "పెద్దది చేయించి పదకొండో దినానికల్లా కట్టియ్యల్ల శెట్టీ" అనేవాడు. కేశవయ్య ఫోటో వైపు చూసి, మనిషి వైపు చూసి, "ఎట్ల పోయినాడప్పా" అని అడిగి, ఆ జవాబంతా విన్న తర్వాతే టేపు తీసేవాడు. నలభై రెండేండ్లు ఇదే పని. దేవుళ్ల పటాలు కట్టాడు, పెండ్లి పటాలు కట్టాడు, పదో తరగతి ఫస్టు క్లాసులో పాసైన సర్టిఫికెట్లకూ కట్టాడు. కానీ ఆయన పేరు నిలబడింది మాత్రం పోయినవాళ్ల పటాలతోనే.

ఆ పేరు ఊరికే రాలేదు. దాని వెనక ఒక కిటుకుంది. పటం కట్టేవాళ్లెవరైనా ఫోటోకూ అద్దానికీ మధ్య చుట్టూరా ఒక అట్ట అంచు పెడతారు. దాన్ని మౌంటు అంటారు. అది ఉంటే ఫోటో అద్దానికి తగలకుండా రవ్వంత ఎడంగా ఉంటుంది. బాగానే ఉంది కానీ, మన ఇండ్లలో పటాన్ని చూసి ఊరుకుంటామా? పోయినవాళ్ల నొసట గంధం పెట్టాలి, దాని మీద కుంకుమ దిద్దాలి. ఆ బొట్టు పెట్టేది అద్దం మీద. నొసలుండేది అద్దం వెనక. ఎదురుగా నిలబడి చూస్తే బొట్టు నొసట్నే ఉంటుంది. పక్కకు జరిగి చూస్తే కనుబొమ్మ మీదికి జారినట్టుంటుంది. కేశవయ్య అంగడి పెట్టిన కొత్తలో ఒక ముసలామె పటం తెచ్చి బల్ల మీద పెట్టి, "మా ఆయన బతికినన్నాళ్లు బొట్టు వంకర పోనిచ్చినోడు కాదు. సచ్చినాక నువ్వు పోగొడితివి" అని నిష్ఠూరమాడింది. ఆ మాట ఆయనకు నాటుకుంది.

ఆ రోజు నుంచి పోయినవాళ్ల పటాలకు మౌంటు మానేశాడు. ఫోటోను అద్దానికి అదిమి, వెనక అట్ట పెట్టి, చీలలు బిగించి కొట్టాడు. ఏ మూల నుంచి చూసినా బొట్టు నొసట్నే. "కేశవయ్య కట్టిన పటంలో బొట్టు కదలదు" అని జనం చెప్పుకున్నారు. ఆయన కూడా చెప్పుకున్నాడు. జనం కంటే కాస్త ఎక్కువే చెప్పుకున్నాడనుకోండి.

కొడుకు శివప్రసాద్‌ది ఇంకో దారి. కొత్త బస్టాండు దగ్గర రెండు కంప్యూటర్లు పెట్టి డిజిటల్ స్టూడియో తెరిచాడు. 2008లో హైదరాబాదు పోయి వస్తూ రెండు డిజిటల్ ఫోటో ఫ్రేములు తెచ్చి అద్దాల బీరువాలో పెట్టాడు. పలక మాదిరి ఉంటుంది. వైరు ప్లగ్గులో పెడితే ఫోటో వెలుగుతుంది, కాసేపటికి అది పోయి ఇంకో ఫోటో వస్తుంది. కేశవయ్య దాని ముందు నిలబడి నాలుగు ఫోటోలు మారేదాకా చూశాడు. "ఇదేందిరా, తోలుబొమ్మలాటనా?" అన్నాడు. దానికి కరెంటు పటం అని పేరు పెట్టింది కూడా ఆయనే, వెక్కిరింతగా. "కరెంటు పోతే మనిషి రెండోసారి సచ్చినట్లే కదరా." శివప్రసాద్ తండ్రికి ఎదురు చెప్పే రకం కాదు. ఆ రెండు పెట్టెలూ ఏడాది పాటు బీరువాలోనే కూర్చున్నాయి.

తర్వాత 2009 అక్టోబరు రెండో తేదీ వచ్చింది. తుంగభద్రా హంద్రీ ఏర్లు కలిసి వరదై ఊళ్లోకి వచ్చిన సంగతి కర్నూలు వాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. కేశవయ్యా, భార్య నాగేంద్రమ్మా మిద్దె మీద కూర్చుని ప్రాణాలు దక్కించుకున్నారు. నీళ్లు తీశాక కిందికి దిగితే అంగట్లో మోకాలి లోతు బురద. చెక్క బద్దలు ఉబ్బి పగిలాయి, అద్దాలు పగిలాయి. నాగేంద్రమ్మ ఏడ్చింది గానీ ఆయన ఏడవలేదు. ఆయనకు ఏడుపొచ్చింది మూడో రోజు. జనం గోడల మీద నుంచి దించిన పటాలను వీధి పొడుగునా ఎండకు ఆనించి పెట్టారు. ఎక్కువ భాగం తన చేతి పటాలే. ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని చూస్తూ పోయాడు. తాను కట్టిన ప్రతి పటంలోనూ మొహం అద్దాన్ని కరుచుకుని ఉంది.

తడిసిన ఫోటో జిగురవుతుంది. మౌంటు ఉన్న పటాల్లో ఎడం ఉంది కాబట్టి ఫోటో ఊడి వచ్చింది. ఆరబెట్టుకుంటే మరకలతోనైనా ఒక రూపు మిగిలింది. మౌంటు లేనివి అద్దంతో ఒకటైపోయాయి. లాగితే మొహం అద్దానికే ఉండిపోయి, చేతికి తెల్ల కాగితం వస్తుంది. వేరేవాళ్లు కట్టిన పటాలు బతికాయి. కేశవయ్య కట్టినవి పోయాయి. జనానికి ఈ తేడా తెలియదు. "ఏరు తీసకపాయ శెట్టీ" అన్నారు. "ఏరు తీసకపాయ" అని కేశవయ్య కూడా అన్నాడు. అట్లా అనడం ఆయనకు బాగాలేదు. అయినా అన్నాడు.

అప్పుడు మొదలైంది కరెంటు పటాలకు గిరాకీ. దీపావళి కూడా రాకముందే శివప్రసాద్ మూడుసార్లు హైదరాబాదుకు పోయి వచ్చాడు. జనానికి నీళ్ల భయం పట్టుకుంది. ఫోటో కంప్యూటర్లో ఉంటుంది, సీడీలో ఇంకోటి ఉంటుంది, పెట్టె మునిగినా మొహం మునగదు అని కొడుకు చెప్తే వినడానికి బాగుండేది. అంతకంటే పెద్ద కారణం అద్దె ఇండ్లు. పాతబస్తీలో సగం మంది మిట్ట మీద కాలనీల్లో గదులు తీసుకుని చేరారు. ఆ ఓనర్లు గోడకు మేకు కొట్టనివ్వరు. మేకు కొట్టనిచ్చినా చచ్చినవాళ్ల పటం తగిలించనివ్వరు, ఇంటికి మంచిది కాదంటారు. కరెంటు పటానికి మేకు అక్కర్లేదు. టీవీ పక్కన పెట్టుకోవచ్చు. ఓనరు మెట్లెక్కుతున్నాడంటే ప్లగ్గు పీకితే చాలు, అది ఉత్త పలక. మన పెద్దవాళ్లను అట్లా దాచుకోవలసి రావడం ఎంత అన్యాయమో చూడండి. కానీ నీళ్లొచ్చిన ఊళ్లో అది కూడా గతే.

తమాషాలూ జరగకపోలేదు. బియ్యం అంగడి నాగలక్ష్మమ్మ భర్త ఫోటోను ఆ పెట్టెలో ఎక్కించుకుని, అలవాటు ప్రకారం పూలదండ వేసి, నొసట బొట్టు పెట్టి, కండ్లు మూసుకుని దండం పెట్టుకుంది. కండ్లు తెరిచేసరికి దండలో మూడేండ్ల మనవడు నవ్వుతున్నాడు. శివప్రసాద్ ఆ ఇంటివాళ్ల ఫోటోలన్నీ కలిపి ఎక్కించాడు మరి. ఆమె దండ లాగి పారేసి, పిల్లవాడికి దిష్టి తీసి, పెట్టెను సంచిలో వేసుకుని కేశవయ్య మీదికి వచ్చింది. "బతికున్న బిడ్డకు దండ ఏపిస్తాడా నీ కొడుకు? వానికి బుద్ధుండాదా లేదా?" ఆ రోజు నుంచి శివప్రసాద్ పోయినవాళ్ల పెట్టెలో ఒక్క ఫోటోకు మించి పెట్టలేదు. నాగలక్ష్మమ్మ మాత్రం పెట్టెను వాపసివ్వలేదు.

ఈ గలాటాలో కేశవయ్యకు ఒకటే పని మిగిలింది. తన పటాలను తానే విప్పడం. అంగడి ఇంకా ఆరలేదు కాబట్టి కొడుకు స్టూడియో వెనక గదిలో కూర్చున్నాడు. వెడల్పాటి ప్లాస్టిక్ తట్టలో నీళ్లు పోసి అద్దాన్ని ఫోటోతో సహా నానబెట్టాలి. గంటలు గంటలు. జిగురు మళ్లీ మెత్తబడితే, సన్నని వెదురు బద్దతో అంచు నుంచి కొంచెం కొంచెం లేపాలి. కొన్ని వచ్చాయి, కొన్ని రాలేదు. శివప్రసాద్ ఒక పద్ధతి పెట్టాడు. నానబెట్టకముందే అద్దం మీద నుంచే కెమెరాలో ఒక ఫోటో తీస్తాడు. తర్వాత ఏమైనా అది మిగులుతుంది. ఆ పద్ధతి కేశవయ్యకు కంటగింపు. తన చెయ్యి తప్పుతుందని కొడుకు ముందే రాసి పెట్టుకున్నట్టు అనిపించేది.

కార్తీకం మొదట్లో భీమక్క వచ్చింది. మంత్రాలయం పక్క పల్లె, ఏటి ఒడ్డు. ఇల్లు పోయింది. ఊరి జనాన్ని ఇస్కూలు గదుల్లో పెట్టారు. ఏడేండ్ల మనవరాలు శివానిని వెంటబెట్టుకుని, తువ్వాలలో చుట్టిన పటాన్ని చంకలో పెట్టుకుని, నాలుగు గంటలు బస్సులో కూర్చుని వచ్చింది. పటం వెనక అట్ట మీద కేశవయ్య అంగడి చీటీ ఇంకా అంటుకునే ఉంది.

"నా కొడుకు వీరభద్ర" అంది భీమక్క. "ఏడేండ్లాయ శెట్టీ. బోరు బండి మీద పనికి పోయి కరెంటు తగులుకొని పాయ. ఈ పాప అప్పుడు కడుపులో ఉండె. దీనికి నాయనంటే ఈ పటమే. సిన్న పోటో ట్రంకు పెట్టెలో ఉండె, పెట్టె ఏట్లో పాయ. దీనమ్మ గుంటూరు సైడు పత్తి తీసేకి పోయినాది. నాకు ఏమీ వద్దు, వాని మొకం ఒకటి కనపడేటట్ల చేసీ."

పిల్ల తల వంచుకుని, వెంట్రుకలు మొహం మీద వేసుకుని అవ్వ కొంగు పట్టుకుని నిలబడింది. కేశవయ్య పటాన్ని వెలుతురుకు పెట్టి చూశాడు. గడ్డం, మీసం, కుడి కన్ను కనిపిస్తున్నాయి. ఎడమ వైపు అద్దం లోపల బురద పేరుకుపోయి ఏమీ తెలియడం లేదు. శివప్రసాద్ కెమెరా తెచ్చాడు.

"ముందు ఒకటి తీసుకుంటా నాయనా."

"బురద మొగాన్ని తీసి ఏం చేస్తావురా? సగం గూడ పడదు."

"పడినంత పడనీ."

"నలభై ఏండ్ల నుంచి చేస్తాండా ఈ పని. నాకు నేర్పిస్తాండావా నువ్వు?"

భీమక్క ముందు అన్న మాట అది. పరాయి మనిషి ముందు తండ్రిని తగ్గించడం ఎందుకని శివప్రసాద్ కెమెరా పక్కన పెట్టి వెళ్లిపోయాడు.

కేశవయ్య పటాన్ని నానబెట్టాడు. నిజానికి రేపటిదాకా ఉంచవలసిన పటం. కానీ మూడున్నరకు వాళ్ల బస్సు. ముసలామె మెట్టు మీద కూర్చుని లోపలికి చూస్తూ ఉంది. వట్టి చేతులతో పంపించడం ఆయనకు మనసొప్పలేదు. అదీ ఉంది, తన చేతి వాటం చూపించుకోవాలనే ఆరాటమూ ఉంది. ఏది ఎక్కువో ఆయనకే తెలియదు. రెండు దాటాక బద్ద పట్టుకున్నాడు. భుజాలు వచ్చాయి. గడ్డం వచ్చింది. మీసం, ముక్కు, కుడి కన్ను వచ్చాయి. కొడుకును పిలిచి చూపించాలనుకున్నాడు కూడా. ఎడమ కనుబొమ్మ దగ్గర ఫోటో ఆగింది. ఆగినప్పుడు ఆగిపోవాలి. ఆ సంగతి ఆయనకంటే తెలిసినవాడు జిల్లాలో లేడు. బద్దను ఇంకొంచెం నెట్టాడు. చేతికి మెత్తగా ఏదో తెగినట్టు తెలిసింది. ఫోటో ఊడి వచ్చింది. ఎడమ కన్ను ఉండవలసిన చోట రూపాయి బిళ్లంత తెల్ల కాగితం. అద్దం మీద మిగిలిన ముద్దను కాపాడుదామని వేలు పెట్టాడు, అది బురదతో కలిసి చెదిరిపోయింది.

అట్లే కూర్చున్నాడు. బయట పిల్ల దాహమంటూ ఉంది. నాగేంద్రమ్మ వాళ్లిద్దరికీ నీళ్లు ఇస్తూ ఉంది. లేచి బయటికి వచ్చి, "ఏటి నీళ్లకు ఎడమ కన్ను కాడ పోయినాది భీమక్కా" అన్నాడు. నోటికి ఎంత సులువుగా వచ్చిందో ఆ మాట. "మావాడు కంప్యూటర్లో సరిచేస్తాడు."

భీమక్క మెట్టు మీద నుంచి లేచింది. "ఆ కన్ను మళ్లా వస్తాదా శెట్టీ?"

"వస్తాది. పది దినాలకు రా. గోడకు తగిలించే పటం వద్దు నీకు, ఇస్కూల్లో మేకు కొట్టనియ్యరు. కరెంటు పటం ఇస్తా. నీళ్లొచ్చినా పోదు."

తన నోటితో తాను ఆ పెట్టెను ఇస్తానన్నది అదే మొదలు. లోపల కొడుకు విన్నాడు, విననట్టే ఉన్నాడు. "దుడ్లు?" అంది భీమక్క. "దుడ్లు నేనడిగితినా?" అన్నాడు కేశవయ్య. ముసలామె రెండు చేతులెత్తి మొక్కింది. ఆ మొక్కు ఆయనకు చెంపదెబ్బ మాదిరి తగిలింది. వీరభద్ర కన్ను ఎట్లా ఉండేదమ్మా అని ఒక్క మాట అడగాలని మాత్రం ఆయనకు తోచలేదు. కన్ను కన్నే కదా అనుకున్నాడు.

శివప్రసాద్ రెండు రోజులు దాని ముందు కూర్చున్నాడు. బురద మరకలు తీశాడు. స్టూడియోల్లో అందరూ చేసేదే చేశాడు. ఉన్న కుడి కన్నును తీసుకుని, తిప్పి, ఎడమ పక్క పెట్టాడు. మనిషి కళకళలాడుతూ వచ్చాడు. ఎక్కడ అతికిందో కేశవయ్యకే కనిపించలేదు. "బాగ చేసినావురా" అని కొడుకును జీవితంలో మొదటిసారి మెచ్చుకున్నాడు. ఆ రాత్రి నిద్ర కూడా పట్టింది.

పది రోజులకు అవ్వా మనవరాలూ వచ్చారు. మధ్యాహ్నం. శివప్రసాద్ పెట్టెను బల్ల మీద నిలబెట్టి ప్లగ్గు పెట్టాడు. వెలిగింది. వీరభద్ర రెండు కండ్లూ నిండుగా తెరిచి చూస్తున్నాడు.

కేశవయ్య పటం వైపు చూడలేదు, భీమక్క వైపు చూశాడు. నలభై రెండేండ్లలో ఆయన నేర్చుకున్న విద్యల్లో పటం కట్టడం ఒకటైతే, పటం విప్పి చూపించినప్పుడు మనుషుల మొహాలు చదవడం ఇంకోటి. తమ మనిషి కనిపిస్తే ఎవరికైనా ఒళ్లు ముందుకు పోతుంది, చెయ్యి అద్దం మీదికి పోతుంది. పరాయి ఫోటో అయితే నిలబడిన చోటే నిలబడి బాగుందంటారు. భీమక్క నిలబడిన చోటే ఉంది.

"బాగుండాది శెట్టీ" అంది. కొంగుతో చేతులు తుడుచుకుంది. "శానా బాగుండాది. నీ బిడ్డల్ని దేవుడు సల్లగా సూడల్ల."

పిల్ల మాత్రం బల్ల దగ్గరికి పోయింది. మునివేళ్ల మీద నిలబడి చూసింది. "అవ్వా, నాయన కన్ను బాగైపాయనే" అంది. "ఎవురు బాగ చేసిరి?"

తనను మెచ్చుకుంటూ ఉందనుకుని శివప్రసాద్ నవ్వాడు. "నేనే పాపా. కంప్యూటర్లో."

పిల్ల మొహం మీది వెంట్రుకలు చేత్తో తోసుకుని అతని వైపు తిరిగింది. "అయితే నాది గూడ బాగ చేస్తావా మామా?"

ఎడమ కంటి రెప్ప సగం దాకా వాలి ఉంది. కేశవయ్య దాన్ని మొదటి రోజే చూశాడు. చూసి, మర్యాదస్థులు ఎవరైనా చేసేటట్టే, చూడనట్టు ఊరుకున్నాడు. ఇప్పుడు పెట్టె వైపు తిరిగి, నిండుగా తెరిచిన ఆ ఎడమ కన్నును చూశాడు.

"వాంది గూడ అట్లే ఉండెనా భీమక్కా?"

భీమక్క పాపను దగ్గరికి లాక్కుంది. "పుట్టినప్పటి నుంచి అట్లే. ఎడం రెప్ప వాలి ఉండె. అదే దీనికి వచ్చినాది. ఇస్కూల్లో పిల్లోల్లు అరకన్ను, అరకన్ను అని ఎక్కిరిస్తారు. ఏడ్సుకుంటా వచ్చినప్పుడల్లా పటం కింద నిలబెడతాంటి. సూడు, మీ నాయనది గూడ ఇట్లే ఉండాది, ఇది ఆయప్ప నీకిచ్చి పోయింది అని సెప్తాంటి. ఊరుకుంటాండె. ఇప్పుడు ఏం సూపియ్యల్ల?"

"మరి బాగుండాదని ఎందుకంటివమ్మా?"

"ఇంత కష్టపడి చేసిస్తిరి. దుడ్లు గూడ అడగకపోతిరి. కాదని ఏ నోటితో అందు? ఆ కన్ను మళ్లా వస్తాదంటివి కదా, అదే వస్తాదేమో అనుకుంటి."

శివప్రసాద్ తల దించుకున్నాడు. తప్పు అతనిది కాదు. ఎవరిదో తెలిసినవాడు ఆ గదిలో ఒక్కడే. కేశవయ్య బల్ల పట్టుకుని నిలబడ్డాడు. చెప్పకపోతే ఇంకెవరికీ తెలియదు. ఏరు అన్నీ మోసుకుపోయింది, ఈ కన్నును కూడా దాని మీదే వేసి ఊరుకోవచ్చు. అట్లా ఊరుకుందామని కూడా అనుకున్నాడు, ఏమాటకామాటే చెప్పుకోవాలి. కానీ ఆ పిల్ల ఇంకా కొడుకు మొహంలోకే చూస్తూ ఉంది, జవాబు కోసం.

"ఏరు కాదు భీమక్కా" అన్నాడు. "ఆ కన్ను పోగొట్టింది నేను. పోటో అద్దానికి అంటుకోకుండా మధ్యలో అట్ట పెట్టల్ల. నేను పెట్టలేదు. బొట్టు బాగుంటాదని పెట్టల్యా. మీకొక్కరికే కాదు, ఊరందరికీ అట్లే కట్టిస్తి. ఆ పొద్దు మావాడు ముందు పోటో తీస్తానన్యాడు, తీయనియ్యల్యా. రేపటిదాకా నానల్ల అని తెలిసి గూడ నీ బస్సుకు ముందే లాగితి. నా చేత్తోనే తెగిపోయినాది."

నాగేంద్రమ్మ వాకిట్లోనే నిలబడిపోయింది. భీమక్క కేశవయ్య చేతుల వైపు చూసింది. తిడుతుందేమోనని ఆయన ఎదురుచూశాడు. తిడితే బాగుండుననుకున్నాడు.

"ఆ పొద్దే చెప్పింటే" అంది భీమక్క, "ఈ పాపకు ఈ ఆశ పుట్టకపోతాండె కదప్పా."

అరవై రెండేండ్ల బతుకులో కేశవయ్యను ఎవరూ ఏ మాటతోనూ అంతగా కొట్టలేదు. కండ్లల్లో నీళ్లు తిరిగాయి. పంచె ఎగగట్టుకుని, మోకాళ్ల నొప్పులతో నేల మీద చతికిలబడి, పిల్లకు ఎదురుగా కూర్చున్నాడు.

"పాపా, నీ కన్ను ఈ మామ బాగ చేయలేడు. మీ నాయన కన్ను బాగైందని నువ్వనుకుంటాండావే, అది మీ నాయనది కాదు. ఆయప్పది నేను పోగొట్టినా. అట్లాంటి కన్ను ఇంక యాడా దొరకదు. నీ కాడ ఒకటే ఉండాది."

పిల్ల వింటూ ఉంది.

"రోంత ఇస్తావా మీ నాయనకు?"

శివాని అవ్వ వైపు చూసింది. మళ్లీ ఆయన వైపు చూసింది. "నొస్తాదా?"

"నొయ్యదు. ఆ కుర్సీ మీద తల ఎత్తుకోని కూసుంటే సాలు."

శివప్రసాద్‌కు విడమరిచి చెప్పవలసిన పని లేకపోయింది. లైట్లు వేశాడు. నాగేంద్రమ్మ దువ్వెన తడిపి పిల్ల వెంట్రుకలన్నీ వెనక్కి దువ్వి గట్టిగా జడ వేసింది. పిల్ల ఎత్తు కుర్చీ ఎక్కి కూర్చుని అలవాటుగా తల వంచింది. ఎవరూ ఎత్తమని చెప్పలేదు. కాసేపటికి తనే ఎత్తింది. కెమెరాలోకి తిన్నగా చూసింది, నాలుగుసార్లు తీసేదాకా కదల్లేదు.

తర్వాత అందరూ కంప్యూటర్ చుట్టూ చేరారు. శివప్రసాద్ అతికించిన కన్నును తీసేశాడు. ఆ తెల్ల బిళ్ల మళ్లీ కనిపించింది. కేశవయ్య చూపు తిప్పుకోలేదు. పిల్ల కంటిని అక్కడికి తెచ్చాడు. మగమనిషి మొహానికి అది చిన్నదిగా ఉంది. పెద్దది చేశాడు. భీమక్క స్టూలు మీద కూర్చుని చెప్పడం మొదలుపెట్టింది. "రోంత దించప్పా. అంత కాదు, పైకి పోనీ. రెప్ప కింద ముడత ఉండె. ఎండలో పని చేసినోడు కదా, నల్లగ ఉండల్ల." చెప్తూ చెప్తూ ఉన్నట్టుండి ఆపేసింది. శివప్రసాద్ ఇంకా ఏం చేయాలని అడిగాడు. ఆమె ముందుకు జరిగి, చేతిని ఆ మొహం మీద పెట్టి, "యాడికి పోతివిరా ఇన్ని దినాలు" అని ఏడ్చింది. కొడుకు చచ్చిన రోజు ఏడ్చినట్టే ఏడ్చింది.

కేశవయ్య ఆమెను ఆపలేదు. కొడుకు చేత ఫోటోను పెట్టెలోకి ఎక్కించాడు, సీడీలో ఒకటి వేయించాడు, కరెంటు లేనప్పటికి కాగితం మీద ఒకటి తీయించి, మౌంటు పెట్టి తన చేత్తోనే పటం కట్టాడు. అంతా అయ్యేసరికి మూడున్నర బస్సు పోయింది.

పెట్టె ప్లగ్గులో పెట్టి చివరిసారి వెలిగించి చూపించాడు శివప్రసాద్. వీరభద్ర ఒక కన్ను నిండుగా, ఒక కన్ను సగంగా చూస్తున్నాడు. శివాని పెట్టె దగ్గరికి వచ్చి, వాలిన రెప్ప మీద వేలు పెట్టింది.

"ఇది నాది" అంది.

"కాదు పాపా, మీ నాయనదే" అన్నాడు శివప్రసాద్.

"కాదు" అంది శివాని. "నేనిచ్చింది."